పెరటి పూలు ఎవరివి?

ఇంట్లో పూలమొక్కలు పెంచే ఆడవాళ్ళని “దీనివల్ల మీకేం వస్తుంది?” అని అడిగి చూడండి. ముందు దేవుడి పూజ అంటారు. తర్వాత ఇంటికి అందం అంటారు. “నాకిష్టం” అనే మాట ఎప్పుడో చివర్లో, కాస్త మొహమాటంగా బయటికొస్తుంది. ఆ మొహమాటానికి ఓ చరిత్ర ఉంది.

వాత్స్యాయనుడి కామసూత్రాల్లో భార్య విధులు చెప్పే అధికరణం ఒకటుంది. ఇల్లు శుభ్రంగా ఉంచడం, కూరమళ్ళు వేయించడం, విత్తనాలు దాచడంతో పాటు పూలతోట పెంచడం కూడా ఆమె బాధ్యతే. మల్లె, జాజి, నందివర్ధనం, మందారం అంటూ మొక్కల పేర్లు వరసగా ఇచ్చాడు. తోట మధ్యలో బావి కూడా తవ్వించాలన్నాడు. ఆ పూలు ఆమె ఎప్పుడు పెట్టుకోవాలో కూడా అక్కడే ఉంది: భర్త దగ్గరికి వెళ్ళేటప్పుడు. అతను దేశాంతరం వెళ్తే మంగళాభరణాలు మాత్రమే మిగుల్చుకోవాలి. తోట పని ఆమెది. పూల మీద హక్కు మాత్రం అతనితోనే వచ్చి అతనితోనే పోతుంది.

ఈ లెక్కని తలకిందులు చేసిన అమ్మాయి మన సాహిత్యంలోనే ఉంది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి తులసివనంలో దొరికిన గోదాదేవి, దేవుడికని కట్టిన దండని ముందు తను వేసుకుని చూసుకుంది. శ్రీకృష్ణదేవరాయలు తన కావ్యానికి పెట్టిన ‘ఆముక్తమాల్యద’ అనే పేరుకి అర్థమే, తాను ధరించి తీసిన మాలని ఇచ్చినది అని. భక్తి కథగా మనకి బాగా అలవాటైపోవడం వల్ల ఇందులోని సాహసం కనబడదు. తోటలో పెరిగిన పిల్ల, తోట ఇచ్చే ఆనందంలో మొదటి వాటా తనే తీసుకుంది.

అందరికీ ఆ వాటా దక్కలేదు. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. అది జరిగిన ఎన్నో దశాబ్దాల తర్వాత కూడా మా పెదమ్మమ్మ తలలో పువ్వు లేదు. పదహారో ఏటనే భర్త పోయాడట. ఆవిడ పెరట్లో మాత్రం మల్లెలు, కనకాంబరాలు, మరువం, చంద్రకాంతలు. చలికాలంలో మల్లెపొదకి నీళ్ళు ఆపేసేది. సంక్రాంతి వెళ్ళాక కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకంతా దూసేసి, పాదు తవ్వి ఎరువు వేసి అప్పుడు తడి పెట్టేది. ఉగాది నాటికి మొగ్గలే మొగ్గలు. పేరంటం రోజున ఆవిడ పూలు ముందు గదిలో పంచుతుంటే ఆవిడ వెనక వసారాలో కూర్చునేది. నీకు బాధగా ఉండదా అని ఓసారి అడిగాను. “మొగ్గ విచ్చేటప్పుడు వచ్చే వాసన నా ముక్కుకి తగలకుండా ఎవరాపుతారే!” అంది.

శ్రమ ఒకరిది, ఫలం మరొకరిది కావడం మన పెరళ్ళకే పరిమితం కాదు. మా గేటు మీద పాకిన కాగితంపూల తీగనే తీసుకోండి. ‘బోగన్‌విల్లియా’ అన్న పేరు ఒక ఫ్రెంచి నౌకాదళాధిపతిది. 1766లో బయల్దేరిన ఆయన యాత్రలో వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్‌కి సహాయకురాలిగా, మగవేషంలో వెళ్ళిన స్త్రీ జాన్ బారె. ఓడల్లో స్త్రీలకి అనుమతి లేదు కాబట్టే ఆ వేషం. ప్రపంచాన్ని చుట్టివచ్చిన మొదటి మహిళగా ఆమెని ఇప్పుడు గుర్తిస్తున్నారు. బ్రెజిల్‌లో ఈ తీగని సేకరించింది ఆమే అయివుండాలని కొందరు చరిత్రకారులు అంటారు. ఆమె పేరు ఒక మొక్కకి దక్కింది 2012లో, అదీ వంగ జాతికి చెందిన ఓ అడవి మొక్కకి.

నా సహచరుడు పోయాక బొట్టూ పూలూ తీసెయ్యమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. చదువుకున్న కుటుంబం. మరుసటి వేసవిలో ఓ పెళ్ళిలో పూల పళ్ళెం నా పక్కావిడ దాకా వచ్చి, నన్ను దాటి అవతలావిడ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం మేడ మీద నా కుండీల్లోని మల్లెలు కోసి, కట్టి, పెట్టుకున్నాను. జనవరిలో ఆకు దూసింది నేనే. ఆ ఏడాదంతా పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపింది కూడా ఆ కుండీలే. ఎవరి పరామర్శకీ జవాబు చెప్పక్కర్లేని అరగంట అది. మట్టి తడి వేలితో చూసి, ఏ మొక్కకి ఎన్ని నీళ్ళో తేల్చుకోవడంలో మనసు కుదుటపడేది.

పూలని మననుంచి లాక్కోవచ్చు, పేరు ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆకు ఎప్పుడు దూయాలో తెలిసిన చేతిని, మొగ్గకన్నా ముందే దాని వాసన ఊహించగల మనసుని మాత్రం లాక్కోలేరు. ఆ తెలివీ ఆ సంతోషమూ ఏ గ్రంథంలోనూ ఎక్కలేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏ మొక్కలు ఎలా పెంచారో, ఎవరికోసం పెంచారో, తాము పెట్టుకున్నారో లేదో అడిగి రాసుకుందాం. స్త్రీల చరిత్రలో అదీ ఒక అధ్యాయమే.