కమిట్ ఎవరు కొట్టాలి?

ఇలా దగ్గరికి జరగండ్రా, పొగ అటు పోతోందిలే. నువ్వేదో ట్రాన్సాక్షనల్ అని మెథడ్ పైన ఒక్క మాట రాసి, పని అయిపోయిందన్నావు చూడు, ఆ ఒక్క మాట వెనక పెద్ద కథే ఉంది.

అమీర్‌పేటలో ఏ సందులో చూసినా జావా కోచింగ్ బోర్డులే ఉన్న రోజులవి. వెబ్ పేజీ అంటే జేఎస్పీ. బొమ్మలూ అందులోనే, లెక్కలూ అందులోనే, ఎస్‌క్యూఎలూ అందులోనే. ఒకచోట డబ్బు బదిలీ పేజీ తెరిచి చూస్తే, ఈ ఖాతాలోంచి తీసే అప్‌డేట్ ఒక లైను, ఆ ఖాతాలో వేసే అప్‌డేట్ దాని కింద లైను. అంతే! జేడీబీసీ కనెక్షన్‌లో ఆటోకమిట్ మనం చెప్పకుండానే ఆన్‌లో ఉంటుంది. మొదటి లైను నడవగానే ఖాయమైపోతుంది. రెండోది నడిచేలోగా సర్వర్ పడిపోయిందా, ఇతని డబ్బు పోయె, అతనికి రాకపోయె.

ఆటోకమిట్ ఆపేసి చివర కమిట్ రాస్తే పోలేదా అంటావు. రాశారు. తర్వాత అదే బదిలీ రాత్రి నడిచే బ్యాచ్‌కీ కావాల్సొచ్చింది, ఇంకో పేజీకీ కావాల్సొచ్చింది. మరి కమిట్ ఎవరు కొట్టాలి? గొడవంతా అక్కడే.

మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకిది పాత సంగతే. ట్రాన్సాక్షన్లు నడిపే ఐబీఎం సీఐసీఎస్ 1969లోనే వచ్చింది. ట్రాన్సాక్షన్లకు శాస్త్రం కట్టిన జిమ్ గ్రేకి 1998 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. సన్ వాళ్ల ఈజేబీ దిగిందీ ఆ ఏడే. కమిట్ నువ్వు కొట్టకు, కంటైనర్ చూసుకుంటుందంది. ఈ మెథడ్‌కి రిక్వైర్డ్ అని ఎక్స్ఎంఎల్‌లో రాయి, చాలు. బదిలీ చెడినా, ఎవరు ప్రయత్నించారో ఆడిట్‌లో మిగలాలా? దానికి రిక్వైర్స్ న్యూ. ఆలోచన బంగారం. మోతే భరించలేకపోయాం. చిన్న పనికీ హోమ్ ఇంటర్‌ఫేస్, రిమోట్ ఇంటర్‌ఫేస్, బీన్ క్లాసు, వీటన్నిటి పైన ఆ ఎక్స్ఎంఎల్.

ఈజేబీని అన్నిచోట్లా వాడక్కర్లేదంటూ 2002లో రాడ్ జాన్సన్ పుస్తకం వచ్చాక గాలి మారింది. ఆ పుస్తకం కోడ్ నుంచే పెరిగి 2004లో స్ప్రింగ్ 1.0 వచ్చింది. 2006లో ఈజేబీ 3 ఎక్స్ఎంఎల్ వదిలి అనొటేషన్ల దారి పట్టింది.

నీకు దక్కిన ఆ ఒక్క మాట అలా వచ్చింది. మెలికలు మాత్రం పోలేదు. చెక్డ్ ఎక్సెప్షన్ వస్తే, నువ్వు విడిగా చెప్పకపోతే స్ప్రింగ్ రోల్‌బ్యాక్ చేయదు, కమిట్ చేసేస్తుంది. అదే క్లాసులోంచి నీ మెథడ్‌ని నువ్వే పిలిస్తే, మామూలుగా ఆ మాట ఉన్నా లేనట్టే. పిలుపు స్ప్రింగ్ మధ్యలో పెట్టే ప్రాక్సీ గుండా పోదుగా. మధ్యలో పేమెంట్ గేట్‌వేని పిలిచావో, అది పలికేదాకా రో మీద తాళం అలాగే ఉంటుంది. గేట్‌వే తీసుకున్న డబ్బుని నీ రోల్‌బ్యాక్ వెనక్కి తేలేదు.

ఇంతకీ ఆ మాట ఎక్కడ పెట్టావు? రిపాజిటరీలో పెట్టి ఊరుకుంటే సేవ్‌కో కమిట్ పడుతుంది, మళ్లీ ఆ పాత జేఎస్పీయే. బదిలీ అనే పని మొత్తం ఉన్న సర్వీస్ మెథడ్ మీద ఉండాలి. ఆ ల్యాప్‌టాప్ ఇలా తే, చూద్దాం.