గోడు వినే చోటు దగ్గర కావాలి

1974 జూలై 1న రాజ్యాంగంలోని 371-డి అధికరణం అమల్లోకి వచ్చింది. నలభై రోజులకు, ఆగస్టు 10న, మన ఉపాధ్యాయ సంఘం యూటీఎఫ్ పుట్టింది. ఉద్యోగాల్లో స్థానికులకు వాటా, సర్వీసు తగాదాలకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఆ అధికరణం చూపిన దారులు. ఆ దారుల్లో ఉపాధ్యాయుణ్ణి నడిపించే పని సంఘం భుజానికెత్తుకుంది.

ట్రిబ్యునల్ 1976లో హైదరాబాదులో మొదలైంది. అందులో ఒక మెలిక ఉండేది. ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వును ప్రభుత్వం మార్చవచ్చు, రద్దు కూడా చేయవచ్చు. ఎవరి మీద కేసు వేశామో వారి చేతిలోనే తీర్పు! 1986 డిసెంబరులో పి.సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. రెండేళ్లలోపే, 1988లో, గోవాకు చెందిన సుందరాంబాళ్ కేసులో ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద ‘వర్క్‌మన్’ కారని అదే కోర్టు తేల్చింది. లేబర్ కోర్టు తలుపు మూసుకుపోయాక మనకు ట్రిబ్యునల్ విలువ మరింత పెరిగింది.

అయినా ఆగిన ఇంక్రిమెంటు కోసం, సీనియారిటీ జాబితాలో తప్పిన వరస కోసం ఆదోని నుంచో మైదుకూరు నుంచో హైదరాబాదు వెళ్లి వకీలును పెట్టుకోవడం అందరి వల్లా అయ్యేది కాదు. ఎంఈఓ కార్యాలయంలో సర్వీసు రిజిస్టరు తెరిపించి, తప్పు చూపించి, డీఈఓకు వినతిపత్రం రాయించి, జవాబు వచ్చేదాకా వెంటపడటం సంఘం చేసే అసలు పని. ఈ పనికి పత్రికల్లో చోటు దొరకదు. జీతం సరిగా అందుకున్న ఇంట్లో మాత్రం దాని విలువ తెలుసు.

కార్యాలయాల్లో తీరనివి వీధికెక్కాయి. 2022 జనవరిలో 27 శాతం మధ్యంతర భృతి ఇస్తున్న చోట రాష్ట్ర ప్రభుత్వం వేతన సవరణలో 23 శాతమే ఫిట్‌మెంట్ ప్రకటించింది. ఫిబ్రవరి 3న విజయవాడ వీధులు ఉద్యోగులు, ఉపాధ్యాయులతో నిండిపోయాయి. రెండు రోజులకు చర్చలు ముగిశాయి. ఇంటి అద్దె భత్యం కొంత మెరుగైంది, ఫిట్‌మెంట్ మాత్రం కదల్లేదు. మన సంఘం ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. చర్చల బల్ల దగ్గర అడగాల్సింది చివరిదాకా అడగాలన్నదే మన పాఠం.

అంతకుముందే, 2020లో, ట్రిబ్యునల్ రద్దయింది. కేసులన్నీ అమరావతి హైకోర్టుకు చేరాయి. కర్నూలులో హైకోర్టు బెంచి కోసం 2024 నవంబరులో శాసనసభ తీర్మానించింది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి న్యాయస్థానం కోసం ఎదురుచూస్తున్న రాయలసీమకు ఆ బెంచి రావాలి, సర్వీసు కేసులు అక్కడే నడవాలి. అంతకన్నా ముందు, కోర్టుకెక్కే అవసరమే రాకుండా, వినతిపత్రానికి గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వడం ప్రతి జిల్లాలోనూ డీఈఓ విధి కావాలి. యాభై ఏళ్లు నిండిన మన సంఘం పట్టుబట్టాల్సిన కోరికలు ఈ రెండే.