హైదరాబాద్ నుంచి లండన్‌కి ఒక తార్

మా నాతవరంలో తీసిన ఎక్స్‌రే ఫోటో ఫోన్లో పంపితే వైజాగ్‌లో డాక్టర్‌సాబ్ చూసి మష్వరా ఇస్తున్నారు. అబ్బాకి ఇదో అజూబా. నేను 1889 నాటి తార్ కహానీ చెప్పాను.

హైదరాబాద్ మెడికల్ స్కూల్ 1846లో మొదలైంది. తొలి రోజుల్లో అక్కడ డాక్టరీ చదువు ఉర్దూలోనే. (ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి కదా, ఈ మాట రాస్తుంటే కాస్త ఫఖ్ర్!) 1880ల్లో దాని ప్రిన్సిపాల్ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మరీజ్ చనిపోతే ముందు ఆగేది ఊపిరా, గుండా? ఊపిరేనన్నాడు లారీ. 1888లో ఆయన కమిషన్ తేల్చిందీ అదే. లండన్‌లో లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండన్నారు. లాడర్ బ్రంటన్ వచ్చాడు, దిల్ నిండా శక్‌తో. కుక్కల మీద, కోతుల మీద వందల తజుర్బాలు చేశారు. బేజుబాన్ జానవర్లు, పాపం. చివరికి ఆ బ్రంటనే లండన్‌కి తార్ కొట్టాడు, లారీ మాటే సహీ అని.

పూర్తిగా సహీ కాదు. తక్కువ మోతాదు క్లోరోఫాంతోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించాడు. లారీ మాత్రం తన షాగిర్దులకి నాడి వదిలేసి ఊపిరి మీదే నజర్ పెట్టమని నేర్పాడు.

అంతా విని అబ్బా అడిగారు: "మరి ఆ ఇరవై రెండేళ్లూ నాడి చూడని మరీజుల సంగతేంటి బేటా?"