భూకంపములు – ఇంజనీర్ల సంఘము

1935 మే 31వ తేదీన, ఇంకను చీకటి విడకమునుపే, క్వెట్టా నగరము కూలిపోయినది. నేడు పాకిస్తానులోనున్న ఆ పట్టణమున, ఆ ప్రాంతమున ముప్పది వేలకు తక్కువగాక జనులు మరణించిరి. శిథిలముల నడుమ కొన్ని రైల్వే క్వార్టర్లు మాత్రము నిలిచియుండెను. వానికి రూపమిచ్చినవాడు ఎస్. ఎల్. కుమార్ అను రైల్వే ఇంజనీరు. 1931 నాటి మచ్ భూకంపము పిమ్మట, నేల అడ్డముగ ఊగినను గోడలు విడిపోకుండునట్లు ఇనుప పట్టాలను చట్రముగ కూర్చి ఆ యిండ్లను కట్టించెను. 1933లో ఆ విధానమును వ్రాసి ప్రకటించెను కూడ. కాని ఆ విద్య రైల్వే ఆవరణ దాటి ఊరిలోనికి పోలేదు.

1950 ఆగస్టు 15న అస్సామును కుదిపిన మహాభూకంపము పిదప, రూర్కీ విశ్వవిద్యాలయమున ఆచార్య జై కృష్ణ ఈ శాస్త్రమునకు పూనుకొనిరి. 1959లో అచ్చట ఒక సదస్సు జరిగినది. 1960లో పరిశోధన, శిక్షణల కేంద్రమును, 1962 నవంబరులో భారతీయ భూకంప సాంకేతిక సంఘమును వెలసినవి. సంఘమనగా సభలు, సన్మానములే యని కొందరి తలంపు. అట్టి సంఘములును లేకపోలేదు. ఇచ్చటి పని వేరు. భూగర్భవేత్త రాతిపొరల నెరుగును, గోడ నెరుగడు. ఇంజనీరు గోడ నెరుగును, దానిక్రింది నేల ఎట్లు కదలునో ఎరుగడు. వీరు ఒక్కచోట కూర్చుండి వాదించుకొనుటకు ఏర్పడినదే యీ సంఘము. 1964లో దీని పత్రిక వెలువడసాగెను.

అదే 1962లో భారతీయ ప్రమాణముల సంస్థ నిర్మాణ నియమావళిని, ప్రమాద మండలముల దేశపటమును ప్రకటించినది. అందు దక్షిణాపథమున పెద్దభాగము సున్న మండలము. అనగా భయము లేదని. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రమందలి కొయనా వద్ద భూమి అదరినది. 103 మీటర్ల ఆనకట్టకు బీటలు వారెను. సుమారు 180 మంది మృతిచెందిరి. జలాశయపు నీరే కారణమా యని ప్రపంచమంతట చర్చ చెలరేగెను. మన శ్రోతలలో పెద్దలకు 1969 ఏప్రిల్ 13 నాటి భద్రాచలము భూకంపము జ్ఞప్తియందుండవచ్చును. 1970లో సవరించిన పటమునుండి సున్న మండలమును తొలగించిరి.

1977లో ప్రపంచ భూకంప ఇంజనీరింగు సదస్సు ఢిల్లీలో జరిగినది. జై కృష్ణ అంతర్జాతీయ సంఘమునకు అధ్యక్షులైరి.

1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతమున మట్టితో పేర్చిన మందపు రాతిగోడలును, మన్ను పోసిన బరువైన మిద్దెలును నిద్రించువారిపై కూలి, ఇంచుమించు ఎనిమిది వేలమందిని బలిగొన్నవి. గుమ్మముల పైమట్టమున ఇంటిచుట్టును కాంక్రీటు పట్టీ పోసి గోడలను బంధించు ఉపాయము ఇంజనీర్లకు అంతకు మునుపే తెలిసినదే. కాని పటమున లాతూరు మొదటి మండలము, అన్నిట కనిష్ఠమైనది. అచ్చట దాని నడిగినవారు లేరు. 2002 నాటి పటమున ఆ మొదటి మండలమును కూడ ఎత్తివేసిరి.