గ్రీకు విషాదనాటకములు: విధియు, అంధతయు, రాజదోషమును

గ్రీకుల విషాదనాటకములను గూర్చి వ్రాయువారును బోధించువారును సామాన్యముగాఁ జెప్పెడి మాట యొకటి కలదు. ఆ నాటకములందు విధియే కర్త యనియు, మనుష్యుఁడు కేవలము కీలుబొమ్మ యనియు, ఎంతటి రాజైనను దైవసంకల్పమునకు లోఁబడి నశించుటయే యందలి సారమనియు వారి యభిప్రాయము. దీనికి ముఖ్యనిదర్శనముగాఁ జూపఁబడునది సోఫోక్లీసు రచించిన ఈడిపసు నాటకము. కాని యా నాటకమును, ఆ కవియే రచించిన ఆంటిగొనీ నాటకమును ప్రక్కప్రక్కన నుంచి, అందలి ముఖ్యపదముల వ్యుత్పత్తిని విచారించినచో నీ యభిప్రాయము నిలువదు. ఏథెన్సు పౌరులు రంగస్థలముపైఁ జూచినది విధి బలమును మాత్రమే కాదు. హితవాక్యమును చెవినిబెట్టని పాలకుని యంధత్వమును గూడ.

ముందుగా విధి యను పదము. గ్రీకులు విధిని ‘మొయిరా’ యందురు. ఆ శబ్దమునకు మూలార్థము భాగము, అనఁగా వాటా. సంస్కృతమున భాగశబ్దమునుండియే భాగ్యశబ్దము పుట్టుట పండితు లెఱిఁగినదే. ఈ రెండు భాషల శబ్దములకు ధాతుసంబంధము లేకున్నను అర్థము నడచిన మార్గ మొక్కటియే. ఒకనికి వచ్చిన వాటా యెట్టిదో యీ శబ్దములు చెప్పును. ఆ వాటాతో వాఁడేమి చేయునో చెప్పవు.

రెండవది యెఱుక. గ్రీకున ‘ఓయిద’ యనఁగా ‘ఎఱుఁగుదును’ అని యర్థము. ఇది సంస్కృతమందలి ‘వేద’ యను క్రియారూపమునకు సోదరరూపము. విదధాతువునకు వర్తమానార్థమున లిట్టునందలి ప్రత్యయములు వికల్పముగా వచ్చునని పాణిని విధించినాఁడు. గ్రీకురూపము సైతము ఆకారమున భూతకాలికమై, యర్థమున వర్తమానకాలికముగా నున్నది. విశేష మేమనఁగా, గ్రీకున నీ ధాతువునకే చూచుట యను నర్థమును గలదు. కావున ‘చూచితిని, అందుచే నెఱుఁగుదును’ అనుట యా పదమున నిమిడియున్న భావము. చూపును ఎఱుకయు నొక్క ధాతువునఁ బుట్టిన భాషలో, చూపుగలవాఁ డెఱుఁగకుండుటయు, చూపులేనివాఁ డెఱుఁగుటయు నెంతటి విపర్యయమో యోచింపఁదగును.

నాయకుని పేరు గ్రీకున ‘ఓయిదిపూస్’. వాచిన పాదములు గలవాఁడని దాని యర్థము. ఉత్తరపదము సంస్కృత పాదశబ్దమునకుఁ జుట్టము. అయినను పూర్వపదము వినువారి చెవికి ‘ఓయిద’ యని తోఁపక మానదు. తన పాదముల మచ్చ యెవరివలనఁ గలిగెనో యెఱుఁగనివాఁడు ‘ఎఱుఁగుదును’ అను ధ్వనిని పేరునఁ దాల్చియున్నాఁడు.

కథ సుప్రసిద్ధము. థీబ్సు రాజగు లాయసునకు, కొడుకుచేతఁ జచ్చునని డెల్ఫీ క్షేత్రమునుండి అపోలో దేవుని వాక్కు వచ్చెను. దంపతులు బిడ్డ చీలమండలు గ్రుచ్చి కొండపైఁ బాఱవేయఁ బంపిరి. బిడ్డ బ్రతికి కోరింతు రాజగృహమునఁ బెరిగెను. యువకుఁడై, తండ్రిని జంపి తల్లిని బెండ్లాడునను దైవవాక్కును విని, కోరింతు రాజదంపతులే తన తలిదండ్రులని నమ్మి యా నగరమును విడిచెను. మూఁడు దారులు కలియుచోట నొక వృద్ధునితోఁ గలహించి వానిని జంపెను. పిమ్మట స్ఫింక్సు పొడుపుకథను విప్పి, థీబ్సునకు రాజై, విధవయగు రాణి యోకాస్తాను జేపట్టెను.

ఇంతవఱకు విధియే యనవచ్చును. కాని యిదియంతయు నాటకారంభమునకుఁ బూర్వమే జరిగిపోయినది. ప్రేక్షకుల యెదుట జరుగునది వేఱు. పురమున మారి చెలరేఁగఁగా, లాయసుని జంపినవానిని గనిపెట్టుదునని ప్రతినపట్టుట, వానిని బహిరంగముగా శపించుట, గ్రుడ్డి దైవజ్ఞుఁడగు టైరీసియసుతోఁ బంతగించుట, రాణి వలదని వేఁడినను వృద్ధగోపాలుని బెదరించి నిజము పలికించుట, ఇవి యన్నియు రాజు తానై చేసినవి. కడపట రాణి యురివేసికొనఁగా, ఆమె వస్త్రమునకుఁ దగిలించియున్న బంగారు సూదులతోఁ గన్నులు పొడుచుకొనుటయుఁ దన చేతిపనియే. అతఁడు గ్రుడ్డివాఁడగునని టైరీసియసు ముందే చెప్పెను గదా యందురేని, చెప్పుట వేఱు, చేయించుట వేఱు. కష్టములు తెచ్చినవాఁడు అపోలో యైనను, పొడిచిన చేయి తనదే యని యా రాజే యొప్పుకొనును.

ఇందు సత్యాన్వేషణము దోషము కాదు. అది యతని గొప్పతనము. దోషము వేఱొకచోట నున్నది. టైరీసియసు నిజము చెప్పఁగానే రాజు వాని యంధత్వమును బరిహసించెను. రాణి సోదరుఁడగు క్రెయోను రాజ్యమునకై వానిని బురికొల్పెనని యాధారము లేకయే నిశ్చయించి, క్రెయోనునకు మరణదండన విధింపఁబూనెను. పొడుపుకథ విప్పిన బుద్ధి తనకుఁ గలదను గర్వమే, యెదుటివాని మాటను గుట్రగాఁ జూపినది.

ఇది యొక్క ఈడిపసునకే చెందిన దోషము కాదనుటకు ఆంటిగొనీ సాక్ష్యము. కథాక్రమమున నది తరువాతిదైనను, రచనాక్రమమున ముందటిది, క్రీ. పూ. 441 ప్రాంతమునఁ బ్రదర్శింపఁబడెనని పండితుల నిర్ణయము. అందు రాజు క్రెయోను. పురముపైకి దండెత్తి చచ్చిన పాలినైసీసునకు భూస్థాపనము చేయరాదని యతఁడు శాసించెను. తోఁబుట్టువగు ఆంటిగొనీ యా శాసనమును మీఱి మన్ను చల్లెను. రాజు కొడుకు హీమోను, పురము ఒక్కనిసొత్తు కాదని నీతి చెప్పెను, రాజు వినలేదు. టైరీసియసు వచ్చి హెచ్చరించెను. ధనమునకు అమ్ముడుపోయితివని రాజు నిందించెను. వెనుక ఈడిపసు నాటకములో నా గ్రుడ్డివానిపై వేయఁబడిన నిందయు నించుమించుగ నిదియే. క్రెయోను తుదకు భయపడి మనసు మార్చుకొనెను గాని, ఆంటిగొనీ యున్న సమాధిగుహకుఁ బోవులోపల నామె యురివేసికొనెను. హీమోనును, రాణి యూరిడిసియు నాత్మహత్య చేసికొనిరి. శాసనము చేయునప్పుడు క్రెయోనునకు ఏ దైవవాక్కును ముందుగా రాలేదు. శాసనము చేసినదియు, సవరింప జాగుచేసినదియు నతఁడే. విధియే సర్వమనువారు ఈ రాజును గూర్చి యేమి చెప్పుదురు?

అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున, విషాదనాయకుఁడు పాపముచేతఁ గాక యొక ‘హమార్తియా’ చేతఁ బతితుఁ డగునని చెప్పి, ఈడిపసును బేర్కొనెను. దీనిని పాపమని కొందఱు తెనిఁగింతురు. అది యర్థమునకుఁ జాలదు. దీని ధాతువు హోమరు కావ్యమున విసరిన యీటె గుఱి తప్పుటయందుఁ బ్రయుక్తము. కావున లక్ష్యచ్యుతి యనుట యుక్తము. గుఱి తప్పినవాఁడు దుష్టుఁడు కానక్కఱలేదు. కాని యీటె విసరిన చేయి వానిదే.

ఈ నాటకములు చూచినవా రెవరో తెలిసినచో వీని బలము తెలియును. ఏథెన్సునఁ బ్రభుత్వము పౌరసభది. సేనానులను ఏటేట నెన్నుకొనుచుండిరి; అధికారులు పదవినుండి దిగునపుడు లెక్క యొప్పగింపవలెను. సోఫోక్లీసు స్వయముగా క్రీ. పూ. 443–442లో ఏథెన్సు కూటమికి ధనాధికారియై, క్రీ. పూ. 441–440లో పెరిక్లీసుతోఁ గూడ సేనానియై యుండెను. క్రీ. పూ. 430లో నగరమున మహామారి వ్యాపించెను. మఱుసటియేఁడు పెరిక్లీసు దానికే బలియయ్యెను. మారితో నారంభమగు ఈడిపసు నాటకము ఆ దినములకుఁ జేరువనిదని పలువుర మతము. అక్రోపొలిసు కొండ దక్షిణపువాలున డయొనైససు దేవుని రంగశాలలోఁ గూర్చున్న పౌరులే యా నగరమునకుఁ బ్రభువులు. రంగమునందలి రాజు వారికిఁ బట్టిన యద్దము. క్రీ. పూ. 415లో నిసియసు వలదని హెచ్చరించినను వినక, సిసిలీపైకి నౌకలను బంపిన పౌరసభ, రెండేండ్లకు సైన్యమంతయుఁ గోల్పోయెను. అద్దములోఁ జూచుట వేఱు, తన్నుఁ దాను గుర్తించుట వేఱు.

భారతమున ధృతరాష్ట్రుఁడు దైవమును దూఱునపుడు సంజయుఁడు, తప్పు నీదే యని నిష్ఠురముగాఁ బలుకును. విదురుని మాట విననిది యతని కన్నులు కావు, చెవులు.

సోఫోక్లీసు మరణానంతరము క్రీ. పూ. 401లోఁ బ్రదర్శింపఁబడిన నాటకమున, గ్రుడ్డివాఁడై తిరుగు ఈడిపసు ఏథెన్సు సమీపమున కొలోనసును జేరును. అది కవి జన్మస్థలము. అచటి రాజు థీసియసు, శాపగ్రస్తుఁడని యతనిని దఱుమఁడు. నీకేమి కావలెనని యడిగి, చెప్పినది విని, యాశ్రయమిచ్చును. తుదిఘడియలో ఈడిపసు చేయూఁత లేకయే ముందు నడచును. కన్నులున్న థీసియసును, కూఁతుండ్రును వాని వెంటఁ బోవుదురు. విధి యిచ్చిన వాటా యా వృద్ధునకు మాఱలేదు. మాఱినది, అతని మాట వినుట కొక పాలకుఁడు దొరకుట.