అంకెలు లేని సీక్వెళ్లు

1999 సంక్రాంతికి బి. గోపాల్ తీసిన 'సమరసింహారెడ్డి' విడుదలైంది. రాయలసీమ కక్షలు తెలుగు తెరకు అప్పటికే కొత్త కాదు. 1997లో 'ప్రేమించుకుందాం రా', మరుసటి ఏడాది 'అంతఃపురం' వాటిని చూపించాయి. అయితే ఆ రెండింటిలోనూ కత్తి పట్టినవాడిని చూసి ప్రేక్షకుడు భయపడాలి. సమరసింహారెడ్డిని చూసి ఈల వేశాడు. అక్కడి నుంచి బండి ఆగలేదు: 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఆది', 'ఇంద్ర', 'చెన్నకేశవరెడ్డి', 2003లో 'ఒక్కడు'. హీరోలు మారారు, నిర్మాతలు మారారు, పేరు పక్కన రెండు, మూడు అనే అంకెలు పడలేదు. అయినా ఇవన్నీ ఒకే సిరీస్‌లో భాగాలని చూసినవాళ్లందరికీ తెలుసు. రెండు ఇళ్లు, వరసగా సుమోలు, గాల్లోకి లేచే సుమోలు, చివరి రీల్లో పగకు ముగింపు. మళ్లీ సంక్రాంతికి పగ మొదటికొచ్చేది.

ఏళ్ల తరబడి సాగే సిరీస్ ఎక్కడో ఒకచోట ఆగాలా అన్న ప్రశ్న జేమ్స్ బాండ్ విషయంలో సులువు. 1962 నుంచీ ఆ పాత్రకు హక్కుదారులున్నారు. 2021లో బాండ్‌ను చంపడానికి వాళ్లు ఒప్పుకున్నారు, అతను మళ్లీ వస్తాడని అదే సినిమా చివర్లో వేసుకున్నారు కూడా. ఫ్యాక్షన్ సినిమాకు అలాంటి యజమాని లేడు. ఇక చాలని చెప్పాల్సింది ఎవరో తెలియదు.

యజమాని లేకపోయినా మూలం ఉంది, అది ఉన్నది అప్పటి అనంతపురం జిల్లాలో. 1997 నవంబరు 19న హైదరాబాదులో రామానాయుడు స్టూడియో దగ్గర కారుబాంబు పేలి 26 మంది చనిపోయారు. వారిలో ఈటీవీ సిబ్బంది ఉన్నారు. గురి పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి మీద, సందర్భం 'శ్రీరాములయ్య' సినిమా ప్రారంభోత్సవం. ఆ సినిమా ఆయన తండ్రి శ్రీరాములు కథ. పేదలకు భూమి దక్కాలని నిలబడి 1970లలో హత్యకు గురైన మనిషి ఆయన. అంటే సీమ కక్షను గొప్పగా చూపే సినిమాలు ఊపందుకోకముందే, ఒక సినిమా ముహూర్తం నాడే అసలు కక్ష నెత్తురు చిందించింది.

రవి ఆ రోజు బతికారు. 2005 జనవరి 24న అనంతపురంలో పార్టీ కార్యాలయం దగ్గర ఆయన్ను చంపారు. 2010లో రాంగోపాల్ వర్మ ఈ చరిత్రను 'రక్త చరిత్ర'గా రెండు భాగాలు చేశాడు. ఈ పరంపరలో బాహాటంగా అంకె వేసుకున్నది బహుశా అదే. రెండో భాగం డిసెంబరు 3న వచ్చింది. సరిగ్గా నెలకు, 2011 జనవరి 3న, అందులో సూర్య పోషించిన పాత్రకు మూలమైన రవి ప్రత్యర్థి మద్దెలచెర్వు సూరి హైదరాబాదులో హత్యకు గురయ్యాడు. తెర మీద ముగిసిందనుకున్న కథ బయట ముగియలేదు.

ఎందుకు ముగియదో వీటిలో చాలా సినిమాలు పట్టించుకోలేదు. హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ సీమ ముఠాల గురించి రాసినప్పుడు పౌరుషం దగ్గర ఆగలేదు. ఊరి మీద పెత్తనం, ఆ తర్వాత కాంట్రాక్టులు, పదవులు ఎవరి చేతిలో ఉన్నాయో చూశారు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఏ ఏడు పడుతుందో ఏ ఏడు ఎగ్గొడుతుందో తెలియని వాన. దాని మీద వేరుశనగ. ఇలాంటి నేలలో బోరు, అప్పు, భూమి ఎవరి గుప్పిట్లో ఉంటే ఊరు వాళ్లదే. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి కథల్లో ఈ కరువు కనిపిస్తుంది. శ్రీరాములు కథ మొదలైన చోట ఉన్నదీ భూమే. సినిమా అందులోంచి పగను తీసుకుని భూమిని వదిలేసింది. రెండు కుటుంబాల పగను చివరి రీల్లో తెంచేయవచ్చు. భూమి తగువు ఊరందరిదీ, దానికి ఒక్క క్లైమాక్సు చాలదు. ఈ సిరీస్ అక్కడక్కడే తిరగడానికి కారణం అదే అని నా అంచనా.

ముగించాలని చూసినవాళ్లూ లేకపోలేదు. 2010లోనే రాజమౌళి 'మర్యాద రామన్న'తో పగను నవ్వులపాలు చేశాడు. దాని మాతృక బస్టర్ కీటన్ 1923లో తీసిన మూకీ. అమెరికా కొండ ప్రాంతపు పగలు సీమకు ఇంత చక్కగా సరిపోవడం ఆలోచించదగ్గ విషయమే. 2018లో త్రివిక్రమ్ 'అరవింద సమేత వీర రాఘవ' కత్తి దించడమే కథగా తీసుకుంది, ఆడవాళ్ల మాటకు బరువిచ్చింది. ఈ వరసలో నిజాయితీగా ముగింపు వెతికింది అదేనంటాను. కానీ అక్కడా తేలేది పెద్దింటి మగవాళ్ల మనసే. కూలికి వెళ్లేవాళ్లు చూస్తూ నిలబడతారు.

సుమోకు మాత్రం నిజంగానే ముగింపు వచ్చింది. 1994లో వచ్చిన ఆ బండి తయారీని టాటావాళ్లు 2019లో ఆపేశారు. అదే ఏడాది పెనుకొండ దగ్గర కియా కర్మాగారం నుంచి కార్లు రావడం మొదలైంది.

సినిమాలు ఆగలేదు. 2023 సంక్రాంతికి 'వీరసింహారెడ్డి' వచ్చింది. హీరో మళ్లీ 'సమరసింహారెడ్డి'లో నటించిన బాలకృష్ణే, ఇప్పుడు హిందూపురం ఎమ్మెల్యే కూడా. ఆ సినిమాలో తండ్రీ కొడుకూ ఆయనే. తండ్రి చనిపోతాడు, కథ కొడుకు చేతికొస్తుంది. సింగమనేని కథ ఒక్కటైనా సంక్రాంతి బరిలో దిగి గెలిచేదాకా, ఈ వారసత్వాన్ని ఆపాల్సిన అవసరం ఏ నిర్మాతకూ కనబడదు.