జీడిపిక్క తెలుపు రెండు విద్యలు



పలాస, టెక్కలి ప్రాంతములయందును, ఉద్దానపు తీరమునందును కుమారుడో కుమార్తెయో ఇంటరు పరీక్షయందు ఉత్తీర్ణులైనంతనే తండ్రికొక సందేహము కలుగుచున్నది. బిడ్డను రసాయనశాస్త్రమున చేర్పవలెనా, రసాయన ఇంజనీరింగునందు చేర్పవలెనా? పేర్లు దగ్గరవియే గాని విద్యలు వేరు. వీని భేదమును మన తోటలోని జీడిపిక్కయే తెలుపగలదు.

జీడిమామిడి బ్రెజిలు దేశపు చెట్టు. పోర్చుగీసువారు దానిని పదునారవ శతాబ్దమున మన దేశమునకు తెచ్చిరి. పెంకులోని నూనె చేతిని కాల్చునని పిక్కలు కొట్టు స్త్రీలందరు నెరుగుదురు. అది యేల కాల్చును? ఈ ప్రశ్న రసాయనశాస్త్రజ్ఞునిది. 1847లో స్టాడెలరు అను జర్మను పండితుడు అందుండి అనకార్డికామ్లమును వేరుపరచెను. దానిని కాచినచో బొగ్గుపులుసు వాయువు పోయి కార్డనాలు అను పదార్థము మిగులునని తరువాతివారు తెలిసికొనిరి.

కాని బస్తాలకొలది పెంకులనుండి నూనె తీయుటెట్లు? ఎంత వేడి కావలెను? పొంగకుండ వాయువును వెడలించుటెట్లు? పొగ యూరిమీద పడకుండుటెట్లు? ఇవి ఇంజనీరు ప్రశ్నలు. ఆ నూనె నేడు మోటారుబండ్ల బ్రేకులందు వాడబడుచున్నది. ఇట్టి పనులకు ప్రత్యేకవిద్య వలయునని జార్జి డేవిసు 1887లో మాంచెస్టరు నగరమున ఉపన్యాసములు ప్రారంభించెను. 1888లో అమెరికాయందలి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయము ఆ విద్యకు పాఠక్రమము నేర్పరచెను.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరున రెండింటికిని తావిచ్చెను. జయపుర మహారాజు విక్రమదేవవర్మగారి దానముచే అచ్చటి సైన్సు కళాశాల ఆయన పేర వెలసెను. 1933లో వచ్చిన టి. ఆర్. శేషాద్రిగారు పూవుల రంగుపదార్థములను పరిశోధించిరి. ఆ దశకముననే రసాయన సాంకేతిక విద్యయు అచ్చట మొదలయ్యెను.

కావున జీతమొక్కటే విచారింపకుడు. "ఇందేమున్నది?" అని అడుగు బిడ్డకు రసాయనశాస్త్రము తగును, అయితే ఎమ్మెస్సీవరకును, ఆపై పరిశోధనవరకును చదివించు ఓర్పు మీకు వలయును. "దీనిని పెద్దయెత్తున చేయుటెట్లు?" అని అడుగు బిడ్డకు ఇంజనీరింగు తగును, అయితే గణితమన్న భయముండరాదు. అందు రసాయనమున కంటె లెక్కలును, భౌతికశాస్త్రమునే మిక్కుటము.

ఉద్దానపు మూత్రపిండవ్యాధికి కారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. ఆ నీటిలో నేమున్నదో చెప్పుటకు ఒకరు, మంచినీటిని శుద్ధిచేసి యిండ్లకు చేర్చుటకు మరియొకరు వలయుదురు. మన బిడ్డలలో ఇరువురికిని పని గలదు.